ఫోల్డరుల పట్టిక: చూపదగినది, దాచదగినది

ప్రతి సంవత్సరము ఈ సంచికలో విద్యార్థుల వ్యాసములును, ఆటల ఫలితములును, వార్షికోత్సవ వృత్తాంతమును ప్రకటింపబడుచుండును. ఈమారు మేము వానికి భిన్నమైన విషయము నొకదానిని ఎత్తుకొనుచున్నాము. అది సర్వరులోని ఫోల్డరుల పట్టికలను గూర్చినది. ‘ఇది కంప్యూటరు గదిలో మాటలాడుకొనవలసినది గదా, పత్రికలో నేల?’ అని కొందఱు తలపవచ్చును. కాని గడచిన విద్యాసంవత్సరమున ఈ చిన్న విషయమువలననే మన పాఠశాలలో నొక బాలిక వారము దినములు బడికి రాక ఇంట కూర్చుండెను. కావున దీనిని గూర్చి మా యభిప్రాయమును అందఱి యెదుట నుంచుట మా విధియని తలచితిమి.

మొదట సంగతి తెలియనివారికై కొంత చెప్పవలెను. సర్వరనగా ఎల్లప్పుడు మేలుకొనియుండి, అడిగినవారికి అడిగిన ఫైలును పంపు కంప్యూటరు. దానిలోని ఫైలులు, ఆఫీసు బీరువాలోని కాగితములవలెనే, ఫోల్డరులలో సర్దబడియుండును. ఫోల్డరులో ఫోల్డరు, దానిలో మఱియొక ఫోల్డరు ఉండవచ్చును. బ్రౌజరులో మనము వ్రాయు చిరునామాలోని ఏటవాలు గీతలు సామాన్యముగా ఈ ఫోల్డరుల మెట్లను తెలుపును. చిరునామా చివర ఫైలు పేరు లేక ఫోల్డరు పేరు మాత్రమే యున్నచో సర్వరు ఏమి చేయును? ఆ ఫోల్డరులో ‘ఇండెక్స్’ అను పేరుగల పుట యున్నదేమో మొదట చూచును. ఉన్నచో దానిని పంపును. లేనిచో, పట్టిక చూపుటకు అనుమతి యున్నపక్షమున, తానే ఆ ఫోల్డరును చదివి, అందలి ఫైలుల పేర్లను, కడపట మార్చిన తేదీలను, పరిమాణములను వరుసగా వ్రాసి అప్పటికప్పుడు ఒక పుటను కూర్చి పంపును. 1995లో వెలువడిన అపాచీ సర్వరులో ఈ పనికై ప్రత్యేకమైన భాగమే కలదు. ఆ పుట శిరస్సున ‘ఇండెక్స్ ఆఫ్’ అనియు, మొదటి వరుసలో ‘పేరెంట్ డైరెక్టరీ’ అనియు ఉండును. ఈ రెండవ మాటను నొక్కినచో పైనున్న ఫోల్డరునకు పోవచ్చును. ఎంజినెక్స్ అను మఱియొక సర్వరు, మనము కోరి చెప్పిననే తప్ప పట్టికను చూపదు.

ఇట్లు పట్టికను బయటికి చూపుట స్వతహాగా చెడ్డపని కాదు. ఈ మాటను మేము ముందుగనే చెప్పుచున్నాము; ఏలయన కీడు జరిగిన వెంటనే మేలును మఱచుట మనుష్యులకు సహజము. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి యైన రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములను ప్రకటించిరి. చదువరి స్వయముగా అలమారులయొద్దకు పోయి పుస్తకములను తడవి చూచుకొనవలెనని వారి వాదము. పేరు తెలిసిన పుస్తకమును మాత్రమే అడుగుమనినచో, పేరు తెలియని పుస్తకము చదువరికి ఎన్నటికిని దొరకదు. ఫోల్డరు పట్టికయు అటువంటిదే. కంప్యూటరునుండి కంప్యూటరునకు ఫైలులను పంపు పద్ధతికి 1971లో తొలి నిబంధనావళి వ్రాసినవాడు కాన్పూరు ఐఐటీలో చదివిన అభయ్ భూషణ్. తరువాతి కాలమున ఆ పద్ధతిననుసరించి ఎందఱో తమ ఫోల్డరులను లోకమునకు తెఱచియుంచిరి. 1990లో కెనడా దేశపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో ఆలన్ ఎమ్టేజ్ అను విద్యార్థి ఆ ఫోల్డరుల పట్టికలనెల్ల ఒకచోట కూర్చి, వానిలో పేర్లు వెదకుటకు ‘ఆర్చీ’ యను సాధనమును చేసెను. నేడు మనము క్షణక్షణము వాడుచున్న వెదకుయంత్రములకు అదియే పెద్దన్న. ఆ పట్టికలు మూయబడియున్నచో ఆర్చీ లేదు. లినక్సు కెర్నెలు భాండారము నేటికిని తన ఫోల్డరులను అందఱికి పట్టికగా చూపుచునే యున్నది. అందువలన ఎవరికిని హాని లేదు, లాభమే కలదు.

ఇక మన పాఠశాలలో జరిగినది. వార్షికోత్సవపు ఫోటోలను సర్వరులో నుంచి, ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క చిరునామా నిచ్చితిమి. పదియవ తరగతి బాలుడొకడు తన తరగతి ఫోటోలను చూచినపిదప, చిరునామా చివరి భాగమును చెఱిపివేసి చూచెను. తక్కిన తరగతుల ఫోల్డరులు పట్టికగా కనబడెను. పై ఫోల్డరు మాటను నొక్కెను. ఇంకొక పట్టిక వచ్చెను. అందు ‘ఆఫీసు’ అను ఫోల్డరు కలదు. దానిలో ఫీజు రాయితీ కోరిన విద్యార్థుల జాబితా యుండెను. జాబితాలో పేరు, తరగతి, తండ్రి సంపాదన, రాయితీ కోరుటకు కారణము అను గడులు కలవు. బాలుడు దానిని చదివెను. చదివిన దానిని ఇద్దఱు మిత్రులకు చెప్పెను. మఱునాటి మధ్యాహ్న విరామములో నొక బాలికను చూచి ఎవరో ఏదో అనిరి. ఆ బాలిక మఱునాటినుండి రాలేదు. ఆమె పేరును, తరగతిని మేమిచట చెప్పము. ఒకమారు బయటపడినది చాలును.

ఉపాధ్యాయుల గదిలో రెండభిప్రాయములు పుట్టెను. బాలుడు దొంగతనముగా ఆఫీసు కాగితములను చూచెను గనుక అతనిని శిక్షింపవలెనని కొందఱనిరి. వెబ్‌సైటు నంతటిని మూసివేయుట మంచిదని కొందఱనిరి. ఈ రెండింటితోడను మేము ఏకీభవింపలేదు. కారణములను చెప్పెదము.

బాలుడు ఏ తాళమును పగులగొట్టలేదు. ఎవరి సంకేతపదమును అపహరింపలేదు. సర్వరు తనంతట తానే చూపిన వరుసలో నొక మాటను నొక్కెను. తెఱచియున్న గదిలోనికి తొంగిచూచుట నేరమైనచో బాలురలో నేరము చేయనివాడు ఒకడును ఉండడు. పైగా చిరునామాను చెఱిపి చూడవలెనను ఆ కుతూహలమునే గదా మనము సంవత్సరమంతయు పాఠములలో పురికొల్పుచున్నాము! అయితే అతనియందు తప్పే లేదా? కలదు. అది పట్టికను చూచుటలో లేదు. తనది కాని ఇంటి కష్టము తన కంటబడినపుడు, దానిని మూసి, పెద్దలకు చెప్పవలసియుండగా, తోటివారి చెవిని వేయుటలో కలదు. ఈ రెండింటికిని గల భేదమును మేమతనికి చెప్పితిమి. అతడు తలవంచుకొని, ‘మొదటే మీతో చెప్పవలసినది, మాస్టారూ’ అనెను. అతనికి అంతకుమించిన శిక్ష యవసరము లేదని మేము తలచితిమి.

ఇక అసలు తప్పు ఎవరిది? ఆ జాబితాను ఆ ఫోల్డరులో నుంచినవారము మేమే. ఇంటినుండి పని ముగించుకొనవచ్చునని, ఒక సాయంకాలము తొందరలో అట్లుంచి, పిమ్మట మఱచితిమి. చిరునామా ఎవరికిని చెప్పలేదు గనుక ఎవరికిని తెలియదని నమ్మితిమి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు హాజరుపట్టీ వ్రాయుట నేర్పిరి. మార్కుల రిజిస్టరును బీరువాలో నుంచి తాళము వేసి, తాళపుచెవిని ప్రధానోపాధ్యాయుని చేతికిచ్చుట నేర్పిరి. ఇరువదియేండ్లుగా ఆ నియమమును తప్పలేదు. అదే రిజిస్టరు కాగితమును విడిచి సర్వరులోనికి పోగానే తాళపుమాట మాకు స్ఫురింపకపోయెను. మేము ఆ బాలిక యింటికి పోయి తల్లియెదుట క్షమాపణ చెప్పుకొంటిమి. ఆమె కోపింపలేదు. ‘మాస్టారూ, మీతో చెప్పుకొన్న మాట వీధిగోడమీద వ్రాసినట్లయినది’ అని మాత్రమనెను. ఆ మాట నేటికిని మా చెవులలో నున్నది.

వెబ్‌సైటును మూయవలెనను రెండవ యభిప్రాయమును గూర్చియు చెప్పవలెను. మూసినచో పాత ప్రశ్నపత్రములు, పత్రిక పాతసంచికలు, ఫోటోలు, అన్నియు మూతబడును. పల్లెటూరినుండి వచ్చి, ట్యూషనుకు పోలేని బాలునకు ఆ ప్రశ్నపత్రములే ఆధారము. ఒకరి యజాగ్రత్తకు అతడేల నష్టపోవలెను? మఱియు కొందఱు చెప్పు చిన్న ఉపాయములును చాలవు. ఫోల్డరులో నొక ఖాళీ ‘ఇండెక్స్’ పుట నుంచినచో పట్టిక కనబడదు, నిజమే. కాని దాని లోపలి ఫోల్డరునకు ఆ కాపు లేదు. పట్టికను సర్వరు అమరికలోనే నిలుపుచేయుట అంతకంటె మేలు. అట్లు చేసినను ఫైలు పేరును ఊహించి అడిగినవానికి ఫైలు దొరకుచునే యుండును. వెదకుయంత్రములకై వ్రాయు ‘రోబోట్స్’ ఫైలులో ‘ఈ ఫోల్డరులోనికి రాకుడు’ అని వ్రాయుట మఱియు వింత. అది విన్నపమే గాని గడియ కాదు. పైగా ఆ ఫైలును ఎవరైనను చదువవచ్చును గనుక, దాచినచోటు ఇదియని మనమే చాటినట్లగును.

కావున మా సిద్ధాంతమిది. రహస్యముగా నుండవలసిన కాగితము, వెబ్బునకు చూపు ఫోల్డరుల క్రింద ఎక్కడను ఉండరాదు. అందఱికి చూపదగినది మాత్రమే అచట నుండవలెను. అట్లున్నదానిని సర్వరు తనకు తోచినట్లు చూపుటకు విడువక, మనమే ఒక స్క్రిప్టు వ్రాసి, ఎంచుకొన్న ఫోల్డరులను మాత్రమే పట్టికగా చూపవలెను. ఏమి చూపవలెనో మనుష్యుడు నిర్ణయింపవలెను. చూపు శ్రమను యంత్రము పడవలెను.

ఈ సంవత్సరము అట్టి స్క్రిప్టు నొకదానిని పదియవ తరగతి విద్యార్థులతో కూడి వ్రాసితిమి. పైని చెప్పిన బాలుడు కూడ అందు చేరెను. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ ప్రకటించిన పీహెచ్‌పీ భాషను వాడితిమి. పని చూచుటకు సులభమే. ‘ఓపెన్‌డిర్’ అను ఆజ్ఞ ఫోల్డరును తెఱచును, ‘రీడ్‌డిర్’ ఒక్కొక్కమారు ఒక్కొక్క పేరును చెప్పును, పేర్లు ముగియగానే ‘లేదు’ అనును, ‘క్లోజ్‌డిర్’ మూయును. కాని ఈ సులభమైన పనిలో మా పిల్లలు నేర్చినది చాల కలదు. మొదటిదినము పట్టికలో ఒక చుక్కయు, రెండు చుక్కలును రెండు పేర్లుగా వచ్చెను. ఒక చుక్క యనగా ఈ ఫోల్డరే. రెండు చుక్కలనగా దీని పై ఫోల్డరు. వానిని తీసివేయవలెనని తెలిసినది. రెండవదినము లోపలి ఫోల్డరు లన్నియు ఫైలులుగా కనబడెను. ఏలయన ‘ఇది ఫోల్డరా?’ అని అడుగునపుడు పూర్తి దారిని చెప్పక పేరు మాత్రమే చెప్పియుంటిమి. ఇంటిపేరు లేక పిలిచినచో ఏ వేంకటేశ్వరుడు పలుకును? మూడవదినము ఆ బాలుడు ‘0’ అను పేరుతో నొక ఫైలును కావలెననియే సృష్టించెను. మా స్క్రిప్టు అచటనే ఆగిపోయెను. సున్నను ‘లేదు’ అని పొరబడెను! పేరు సున్న యగుట వేఱు, పేరే లేకపోవుట వేఱు అని ఖచ్చితముగా పోల్చి చూడవలెనని ఆ దినము అందఱును నేర్చిరి.

అన్నిటికంటె ముఖ్యమైన పాఠము ఆ రెండు చుక్కలదే. చూచువాడు ఏ ఫోల్డరును కోరుచున్నాడో చిరునామాలో చెప్పును. అతడు పేరునకు బదులు రెండు చుక్కలను వ్రాసినచో, స్క్రిప్టు అమాయకముగా పై ఫోల్డరునకు, దానికి పైదానికి ఎక్కిపోవును. కావున వచ్చిన దారిని ‘రియల్‌పాత్’ అను ఆజ్ఞతో విడమర్చి, అది మనము గీచిన గీత లోపల నున్నదో లేదో చూచి, లేనిచో నిరాకరింపవలెను. ఆ పోలికలోను చివరి ఏటవాలు గీతను మఱవరాదు. మఱచినచో ‘ఫోటోలు’ అను ఫోల్డరునకిచ్చిన అనుమతి ‘ఫోటోలు-పాతవి’ అను దానికిని చెల్లును. ఇది పిల్లల భయము గాదు. 2021 అక్టోబరులో అపాచీ సర్వరు 2.4.49 అను కూర్పులోనే ఇట్టి లోపము బయటపడెను. రెండు చుక్కలలో నొకదానిని శాతపు గుర్తుతో మాఱురూపమున వ్రాసినచో సర్వరు గుర్తింపలేకపోయెను. సవరించి 2.4.50 కూర్పును విడుదల చేసిరి. అదియు చాలక కొలది దినములలోనే 2.4.51 రావలసివచ్చెను. లోకమంతయు వాడు సర్వరును వ్రాయు నిపుణులే పొరబడగా, మనము మఱింత జాగ్రత్తతో నుండవలదా? ఫైలు పేరును పుటమీద వ్రాయునపుడును దానిని నమ్మరాదు. పేరులో కోణపు కుండలీకరణము లున్నచో బ్రౌజరు దానిని ఆజ్ఞగా భావింపవచ్చును. ‘హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్’ అను ఆజ్ఞతో దానిని సాధువుచేసి వ్రాయవలెను.

తెలుగు పేర్లను గూర్చి కూడ ఒక మాట. ఫైలులకు తెలుగున పేరు పెట్టరాదని కొందఱు భయపడుదురు. చిరునామాలో నొక్క అకారమునకే తొమ్మిది గుర్తులు పట్టుట చూచి వారు బెదరుదురు. అది యంత్రములు తమలో తాము మాటలాడుకొను తీరు. చదువరికి తెలుగే కనబడును. క్రమము విషయమున మాత్రము కొంత తెలిసియుండవలెను. యంత్రము అక్షరములను యూనికోడు సంఖ్యల వరుసలో పేర్చును. అది చాలవఱకు మన వర్ణమాలనే అనుసరించును గాని, ‘ళ’ అక్షరము ‘వ’ కంటె ముందే వచ్చును. సంఖ్యలలో ‘10’ అనునది ‘2’ కంటె ముందు నిలుచును; దానికి సహజక్రమపు ఆజ్ఞ వేఱుగా కలదు. తేదీలను సంవత్సరము, నెల, దినము అను వరుసలో వ్రాసినచో ఏ చిక్కును లేదు. వీనిని తెలిసి పేరు పెట్టువాడు వెదకువానికి సగము శ్రమ తగ్గించినవాడగును.

2023లో మన పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకై చట్టము చేసినది. అది పదునెనిమిదేండ్లు నిండనివారిని బాలురుగా నెంచి, వారి వివరములను వాడుటకు తలిదండ్రుల సమ్మతిని కోరుచున్నది. పాఠశాలలు దానిని చదివి గ్రహించుట మంచిది. కాని చట్టమునకు వెఱచి చేయు పని వేఱు, ఒక తల్లి నమ్మి చెప్పిన మాటను కాపాడుటకై చేయు పని వేఱు. రెండవదే ఉపాధ్యాయునికి తగినది.

తోటి ఉపాధ్యాయులకు మా విన్నపము: మీ పాఠశాల వెబ్‌సైటు చిరునామాలో చివరి భాగమును ఒకమారు మీరే చెఱిపి చూడుడు. ఏమి కనబడునో బాలురకంటె ముందు మీరు తెలిసికొనుడు. విద్యార్థులకు మా విన్నపము: తలుపులు తట్టి చూచుట మానకుడు, కాని తెఱచియుండరాని తలుపు తెఱచియున్నచో, లోపలి సంగతిని మిత్రులకు గాక, మాకు వచ్చి చెప్పుడు. మీమీద కోపింపము.

పాత ప్రశ్నపత్రముల పట్టిక ఇప్పుడు పాఠశాల వెబ్‌సైటులో అందఱికిని కనబడుచున్నది. రాయితీ జాబితా కాగితముమీదికి మరలి, బీరువాలోనికి పోయి, తాళము వేయబడియున్నది. ఆ బాలిక తిరిగి బడికి వచ్చుచున్నది. మొన్న లెక్కల ప్రశ్నపత్రములను ఆ పట్టికలోనుండియే దించుకొన్నానని మాతో చెప్పెను.